సుభద్ర మేడం, మొరాయించిన డేటాబేస్

సుభద్ర మేడం ఇక లేరని మొన్న ఉదయం పేట్ బషీరాబాద్ నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. చాలాకాలంగా హృద్రోగంతో బాధపడుతున్నారని తెలిసినా, ఆ వార్త విన్నాక కుర్చీలోంచి లేవలేకపోయాను. మేడ్చల్‌లోని మా చిన్న బ్లడ్ బ్యాంకులో ఆమె కంప్యూటర్ల బాధ్యురాలు, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని.

ఆ రోజుల్లో కరెంటు కోతలు నిత్యకృత్యం. కరెంటు రాగానే కంప్యూటర్ లేచేది. రక్తదాతల వివరాలున్న డేటాబేస్ మాత్రం ఏదో ఒక కారణంతో మొరాయించేది. మేడం నిట్టూర్చి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ దాని ముందు కూర్చునేవారు. అలసట ఆమె ముఖంలో ఉండేది గానీ మాటలో ఉండేది కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం శామీర్‌పేట దగ్గరి పల్లె నుంచి ఖాసిం అనే రైతు వచ్చాడు. కాన్పుకు ఆసుపత్రిలో చేరిన కూతురికి రక్తస్రావం ఆగడం లేదు. ఓ నెగెటివ్ రక్తం కావాలి. మా దగ్గర నిల్వ లేదు. దాతను వెతుకుదామంటే, అప్పుడే కరెంటు పోయి వచ్చింది, డేటాబేస్ లేవలేదు.

"అమ్మా, జర జల్దీ చూడుండ్రి. నా బిడ్డ ఆగమైతాంది," అన్నాడు ఖాసిం.

"అంతా తీసేసి కొత్తగా ఎక్కించండి," అని మా డాక్టరు గారు తొందరపెట్టారు.

"అలా చేస్తే దాతల పేర్లే పోవచ్చండీ. ఎందుకు లేవడం లేదో అదే చెబుతుంది, చదవనివ్వండి," అన్నారు మేడం. తెర మీది ఎర్రర్లు ఒక్కొక్కటే చదివి, "డేటాబేస్ తనంతట తాను మొదలవడానికి దానికిచ్చిన పాస్‌వర్డ్ సరిపోవట్లేదు. కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎవరైనా మార్చారా?" అని అడిగారు.

డాక్టరు గారు తల పట్టుకున్నారు. "పోయిన వారం నేనే మార్చాను."

అనుకోకుండా ఆ వారం కరెంటు పోక అది ఆగకుండా నడిచింది కనుక ఎవరికీ తెలియలేదు. ఆగి మళ్లీ మొదలవబోయేసరికి పాత పాస్‌వర్డ్ చెల్లలేదు. కొత్తది ఇవ్వగానే లేచింది. యాప్రాల్‌లో ఒక దాత దొరికారు, ఆటోలో వచ్చారు. తల్లి బతికింది. పసికందు దక్కలేదు.

డాక్టరు గారు నొచ్చుకుంటే, "మార్చడం తప్పు కాదండీ, చెప్పకపోతేనే ఇబ్బంది," అన్నారంతే మేడం. ఆ సాయంత్రం బస్టాపులో మాత్రం నన్నడిగారు: "మన ఆలస్యం వల్లే పోయిందా ఆ పసిది?"

"ముందే పోయిందంట మేడం."

"అంట కాదు నాయనా, కనుక్కో."

మర్నాడు ఆసుపత్రికి పోయి కనుక్కున్నాను. ఖాసిం మా దగ్గరికి బయల్దేరకముందే శిశువు ప్రాణం పోయింది. ఆ మాట చెప్పగానే, అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి టేబుల్ మీద తలవాల్చి ఏడ్చారు.

ఆమె కుర్చీలో ఇప్పుడు వేరొకరున్నారు; పని సాగుతూనే ఉంది. కానీ తెర ముందు కూర్చుని, ఎన్నడూ చూడని శిశువు కోసం అంతగా తల్లడిల్లే హృదయం మాకు మళ్లీ దొరకదు. ఆ కరుణామూర్తికి కన్నీటితో నమస్కరిస్తున్నాను.