మావయ్యగారి కాళ్ళ టైపు

నాది వంకర రాత, తప్పులూ ఉంటాయి. ఐదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, సర్దుకుని చదవండి. మా మావయ్యగారు పోయి పదిహేను రోజులైంది. కొవ్వూరులో ఆయన అచ్చాఫీసులో పెళ్ళికార్డులు వేయించుకున్న మీకందరికీ దినం కార్డు అందే ఉంటుంది. ఆ కార్డు ఎలా అచ్చయిందో మీకు చెప్పాలో వద్దో తేల్చుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన దగ్గర ఇంగ్లీషు సీసం అక్షరాలు ఒక్క సెట్టే ఉండేది. దానికి కంపెనీ పెట్టిన పేరేదో ఉందట, ఆయన మాత్రం కాళ్ళ టైపు అనేవారు. ప్రతి గీత చివరా చిన్న పాదం. నిలువు గీత లావు, వంపు తిరిగే చోట సన్నం. కాపురానికి వచ్చిన కొత్తలో గుమ్మం దగ్గరే నిలబడి చూస్తుంటే ఒక అక్షరం నా అరచేతిలో పెట్టి తడమమన్నారు.

"పాదం ఉంది కాబట్టే వరసలో కుదురుగా నిలబడుతుందమ్మా. చదివేవాళ్ళ చూపు జారదు."

ఇంగ్లీషు నేను అలా వేలితో నేర్చుకున్నాను.

సన్నగీతలు అరిగిపోతాయని బ్రష్షు ఒత్తకుండా కడిగేవారు. అన్నం తినేటప్పుడు కూడా ఆయన చేతులు కిరసనాయిలు వాసన వేసేవి. శుభలేఖకీ దినం కార్డుకీ అదే టైపు. ఒకావిడ అభ్యంతరం చెబితే, "కిరసనాయిలు స్నానం చేయించానండి, ఇంకా మైలేంటి?" అని నవ్వారు. తన కార్డు కూడా దీంతోనే వెయ్యమని నాతో అన్నారు.

ఆయన పోయిన రోజున అచ్చు చట్రంలో ఒక పెళ్ళికార్డుకి కూర్చిన అక్షరాలు బిగించి ఉన్నాయి, అచ్చు వెయ్యడమే తరువాయి. దినం కార్డు రాజమండ్రిలో ఆఫ్‌సెట్‌లో వేయించేద్దామన్నారు మా ఆయన. నేను తల అడ్డంగా ఊపాను. మా ఆయన మాటకి అడ్డు చెప్పడం అదే మొదలు. తీరా చూస్తే అక్షరాల పెట్టె గళ్ళలో మిగిలినవి చాలలేదు. పెళ్ళికూతురి పేరు విప్పి, ఆ అక్షరాలతో మావయ్యగారి పేరు కూర్చాను. మైల తీరాక కడిగి, మళ్ళీ ఆ పిల్ల పేరు కూర్చి పెళ్ళికార్డులు వేశాం.

నిన్న ఆ పిల్ల తల్లి వచ్చి, కార్డు మీద వేలితో తడిమి చూసుకున్నారు.

"నా పెళ్ళికార్డూ ఈ అక్షరాలతోనే వేశారమ్మా మీ మావయ్యగారు. అందుకే మీ మైల తీరేదాకా ఆగాం."

చెప్పెయ్యాలని నోరు తెరిచాను. అంతలో ఆవిడ కార్డు మూలలకి రాయడానికి కాస్త పసుపు అడిగారు. తడిపి తెచ్చిచ్చాను.

మావయ్యగారుంటే నవ్వేవారో, కోప్పడేవారో. మైల లేదన్న మాట నిజంగా నమ్మి అన్నారో, అభ్యంతరం చెప్పిన ఆవిడని నవ్వించడానికి అన్నారో నేను ఎప్పుడూ అడగలేదు. కడిగితే సిరా పోతుంది. మిగతాది పోతుందా? మీలో పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది.

ఆ ఇంటికి ఈ ఉత్తరం పంపడం లేదు. మీరూ చదివాక కాల్చేయండి.

నిన్న ఆవిడ వెళ్ళాక, సాయంత్రం చట్రం విప్పి, అక్షరాలు కడిగి కిటికీలో పాత పేపరు మీద ఆరబెట్టాను. ఆయన పేరులో ఉన్నవేవో ఇప్పుడు పోల్చుకోలేకపోతున్నాను. ఒకదాని పాదానికి మాత్రం నా వేలి పసుపు అంటుకుని ఉంది.