రాతిచింతకు వేళ్లు కోసిన ఆదివారం

బోన్సాయ్ క్లాసులో చూపించిన ఫొటోలన్నీ కొండల్లోంచి తవ్వి తెచ్చిన పైన్ చెట్లవే. కొండాపూర్‌లో పైన్ ఎక్కడ దొరుకుతుంది? నాకు దొరికింది చింత. మా అపార్ట్‌మెంటు పక్కన కొత్త టవరు కోసం గుట్టను పగలగొడుతున్నప్పుడు బండ పగులులో కనిపించింది. ఎత్తు చూస్తే మోకాలి దాకా, మొదలు చూస్తే మణికట్టంత లావు. ఎన్నేళ్లదో తెలియదు. సూపర్‌వైజరు చెట్టుకేసి చూడకుండానే తీసుకెళ్లమన్నాడు.

గడ్డపారతో పెకలించింది నేను కాదు, మా తోటమాలి. ఆయనది ఈ ఊరే. ఐటీ కంపెనీలు రాకముందు నుంచీ ఇక్కడే ఉన్నారు. పెద్ద సిమెంటు తొట్టిలో, ఆ గుట్ట ఎర్రమట్టితోనే పాతారు. ఏడాది పాటు నేను మాదాపూర్ ఆఫీసులో కూర్చుంటే రోజూ నీళ్లు పోసింది ఆయనే. చిగురేసిన రోజు ఫోన్ చేసి మరీ చెప్పారు. అది బతకాలని నాకంటే ఆయనకే ఎక్కువ పట్టింపు.

మృగశిర వచ్చింది. లోతు తక్కువ కుండీలోకి మార్చాలంటే వేళ్లు తగ్గించాలి. క్లాసులో మాస్టారు స్పష్టంగానే చెప్పారు: అడవి నుంచి తెచ్చిన చెట్టుకు ఈ ఏడు సగం, పై ఏడు సగం. ఒకవైపు పాత మట్టిని ముట్టుకోకూడదు. పైన్‌కైనా చింతకైనా అంతే.

అయితే నేను పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ని. మా దగ్గర "మిగతాది ఫేజ్ టూలో చేద్దాం" అంటే ఇక ఎప్పటికీ చెయ్యబోమని అర్థం. టీమ్ మారిపోతుంది, ఆ పని ఎవరికీ గుర్తుండదు. సగం పనుల మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. ఆ ఆదివారం పొద్దున పైపు పెట్టి ఒకవైపు మట్టి కడిగాను, లావు వేళ్లు కోశాను, చెట్టును తిప్పి రెండోవైపూ పైపు పెట్టాను.

తోటమాలి పరుగున వచ్చారు.

"గిదంత ఒక్కపారే కడుగుతున్నరేంది సార్? ఆ దిక్కు జర ఉండనియ్యుండ్రి."

"ఏం కాదండి. మళ్లీ మళ్లీ కదిలించడం కంటే ఒకేసారి అయిపోతే దానికే సుఖం."

ఆయన ఎర్రనీళ్లు కాలవలో పోతుంటే చూస్తూ నిలబడ్డారు. పని మాత్రం శుభ్రంగా వచ్చింది. వేళ్లన్నీ దువ్వినట్టున్నాయి. ఫొటో తీసి క్లాసు గ్రూపులో పెట్టాను కూడా.

వారంలో ఆకు ముడుచుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మాస్టారికి ఫోన్ చేసి ఏం మందు వెయ్యాలని అడిగాను. నీడలో పెట్టండి, అన్నారు. అంతే. ఆకులన్నీ రాలిపోయాయి. వానలు బాగానే పడ్డాయి, పక్క కుండీల్లో గడ్డి కూడా మొలిచింది. నెల తర్వాత గోరుతో బెరడు గీరి చూశాను. పచ్చ లేదు. ఒక్కో కొమ్మా గీరుకుంటూ మొదలు దాకా వచ్చాను. అంతా ఎండు కట్టె.

తోటమాలి పక్కనే ఉన్నారు. క్షమించమన్నట్టుగా ఏదో మొదలుపెట్టాను. ఆయన అడ్డొచ్చారు.

"మా నాయిన మేకలు గా గుట్టమీదనే మేస్తుండె సార్. గవే దీన్ని పెరగనియ్యలే. రోజు కొరుకుతుండె. బండ దిక్కు మాత్రం మూతి అందకపోతుండె. ఆ దిక్కుకెల్లే మల్ల చిగురేస్తుండె."

చెట్టును ఒకసారి చుట్టూ చూశారు.

"మీకు రెండు దిక్కులు అందినయి."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే, ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ని.