పెద్దక్క ఒళ్లో లైట్లు

ఆకులు రాలడం మొదలై పండగ సెలవులు దగ్గరపడగానే ఆ భవనంలో మెట్ల కింద నుంచి సీరియల్ లైట్ల పెట్టె బయటికి వస్తుంది. ఆ లైట్ల చిక్కు తీసే హక్కు ఒక్క పెద్దక్కదే. ముప్పయ్యేళ్లు బట్టలు కుట్టిన చేతులు ఆమెవి. కింది హాల్లో గోడకానుకుని, కాళ్లు బారజాపి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి కూర్చుంటుంది. వైరు లాగదు, కత్తెర ముట్టదు. కొస దొరికేదాకా మునివేళ్లతో తడుముతూనే ఉంటుంది. ఎవరైనా తొందరపెడితే, "ఇప్పుడు నేనేమైనా రైలెక్కాలా?" అంటుంది. చుట్టూ నాలుగంతస్తుల వాళ్లూ చేరి, వేరుశనగకాయలు ఒలుచుకుంటూ, ఏడాది పొడుగునా దాచుకున్న కబుర్లన్నీ ఆ పూటే చెప్పుకుంటారు.

ఈసారి పెట్టె తెరిస్తే చిక్కే లేదు. ప్రతి దండా ఒక అట్టముక్కకు పొందిగ్గా చుట్టి ఉంది. పెద్దావిడకు శ్రమ తగ్గుతుందని, మూడో అంతస్తులోని కొత్త కోడలు పోయిన ఏడాది లైట్లు విప్పేటప్పుడే అలా చుట్టిపెట్టిందట. "ఇంకేం, ఐదు నిమిషాల్లో కట్టేయొచ్చు," అంటూ కింది వాటా ప్లంబరు లేచాడు. మిగతావాళ్లూ చెప్పులు వెతుక్కోసాగారు. అందరూ వెళ్లిపోతున్నారని ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. పెద్దక్క ఒక అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. "చక్కగా చుట్టావమ్మా. పని తెలిసిన చెయ్యి," అంది. ఆ తర్వాత అట్టలన్నీ లాగేసి, వైర్లు ఒళ్లో పోసుకుని, పిండి కలిపినట్టు రెండు చేతులా కలిపేసింది. అందులోంచి ఒక కొస తీసి ఆ అమ్మాయి చేతికిచ్చి, "ఇలా నా పక్కన కూర్చో. ఏమయ్యా ప్లంబరూ, ఆ కాయలు ఇటు జరుపు," అంది.