రూబెన్ సరిచేసిన ఎస్టీమ్

కాశీబుగ్గలో ఏ కారు చక్రం కాస్త పక్కకి లాగినా జనానికి ముందు గుర్తొచ్చే పేరు రూబెన్. ఊళ్లో మిగతా మెకానిక్కులందరికీ ఇంజన్ల మీదే మోజు. రూబెన్‌కి మాత్రం బండి కిందకి దూరడం ఇష్టం. తండ్రి నౌపడ ఉప్పు మడుల్లో కూలి చేసేవాడు. కొడుకు టెక్కలి లారీ షెడ్డులో గ్రీజు పూసే పనికి చేరి, స్ప్రింగులూ షాకబ్జర్లూ చక్రాల వాలూ నేర్చుకుని సొంత షెడ్డు పెట్టాడు. ఇంజను బండిని పరిగెత్తిస్తుందే గానీ రోడ్డు మీద నిలబెట్టేది చక్రాలేనని అతని వాదన. ఆ వాదన మొదలైందంటే ఎదుటివాడి టీ చల్లారిపోవాల్సిందే.

విశాఖపట్నంలో ఉన్నట్టు అతని దగ్గర కంప్యూటర్ మిషన్ లేదు. కారుకి రెండు పక్కలా నైలాన్ దారం బిగించి, దారానికీ చక్రం అంచుకీ మధ్య సందు స్కేలుతో కొలుస్తాడు. కొలిచేటప్పుడు నడిపేవాణ్ణి సీట్లో కూర్చోబెడతాడు. ఖాళీ కారు ఒకలా నిలబడుతుంది, మనిషి ఎక్కిన కారు ఇంకోలా నిలబడుతుంది కదా. ఈ సంగతి చుట్టుపక్కల ఎవడికీ తెలియదని రూబెన్‌కి కొంచెం గర్వం. కొంచెమేమిటి, దండిగానే గర్వం.

హైవేని నాలుగు వరసలు చేసిన కొత్తలో సునీల్ అతని దగ్గరికి వచ్చాడు. మందస వైపు జీడితోటలున్న ఇందుమతి గారి ఒక్కగానొక్క కొడుకు. కారు పాత ఎస్టీమ్, కుర్రాడిది మాత్రం కొత్త రక్తం.

"మావా, స్పీడులో వంపు తిప్పితే బండి పడవలాగ ఊగుతంది. రోడ్డుకి అతుక్కుని ఎల్లాల. నీ వల్ల అవుద్దా?" అన్నాడు.

అవుద్దా అని అడిగితే రూబెన్ ఊరుకుంటాడా? హైదరాబాద్ నుంచి పొట్టివీ బిరుసువీ అయిన స్ప్రింగులు తెప్పించాడు, వాటికి తగ్గ గ్యాసు షాకబ్జర్లు వేశాడు. సునీల్‌ని సీట్లో కూర్చోబెట్టి, దారం బిగించి, వెనక చక్రాల పైభాగం ఓ పిసరు లోపలికి ఒరిగేలా సర్దాడు. అలా ఉంటే వంపు తిరిగేటప్పుడు టైరు రోడ్డు మీద నిండుగా ఆనుతుంది. మందస రోడ్డు మీద ఇద్దరూ వెళ్లి చూశారు. బండి వంపుల్లో ఊగలేదు, జారలేదు. పక్క సీట్లో కూర్చున్న రూబెన్‌కి తన చేతిపని తనకే ముద్దొచ్చింది.

"ఇకనించి నీ ఇట్టం బాబూ, తోలుకో!" అన్నాడు.

వేసవి పోయి వానలొచ్చాయి. ఆదివారం బాప్టిస్టు చర్చిలో ఆరాధన ముగించుకుని, ఇంట్లో భోంచేసి, రూబెన్ షెడ్డు వైపు నడిచాడు. కూతురు షారోన్ శ్రీకాకుళంలో నర్సింగు చదువుతోంది. హాస్టలుకి వెళ్లాలని అప్పటికే బ్యాగు పట్టుకుని బస్టాండుకి వెళ్లిపోయింది. షెడ్డు పక్కనే పంచర్లు వేసే కృష్ణ కొట్టు. దాని ముందు గోడకి ఓ టైరు ఆనించి ఉంది. వెనక చక్రం, సునీల్ కారుది.

"ఇందాక పంచరైతే స్టెప్నీ ఎక్కించి పంపినాను, తిరుగొచ్చినప్పుడు తీసుకుంతాడట. నానింకా ముట్టనేదు," అన్నాడు కృష్ణ.

టైరు భలే ఉంది. బయటి అంచు కొత్తదానిలా ఉంది. రూబెన్ మురిసిపోతూ ఊరికే అటు తిప్పాడు.

లోపలి అంచులో రబ్బరు లేదు. చుట్టూ తీగలు బయటపడి ఉన్నాయి.

అతనికి కాసేపు అర్థం కాలేదు. ఇంకో టైరేమో అనుకుని నంబరు చూశాడు. అదే. మళ్లీ లోపలి అంచు తడిమాడు. తన చక్రం ఇలా అరగదు. అరగడానికి వీల్లేదు. ఇది ఇలా ఉందంటే రెండో వైపుదీ ఇలాగే ఉండాలి. ఆ రెండోది ఇప్పుడు రోడ్డు మీద పరిగెడుతోంది.

"కృష్ణా, బండిలో ఎవులున్నారు?"

"ఎవులేటి, అందరూ! శ్రీకాకుళంలో పెళ్లికట. ముందు ముగ్గురు. ఒకడైతే గేరు రాడ్డుకి అటో కాలు ఇటో కాలు ఏసుకున్నాడు. ఎనక ఇందుమతమ్మ, సుట్టాలు, పిల్లలు. అన్నట్టు మీ షారోన్ గుంటని కూడా బస్టాండు కాడ ఎక్కించుకున్నారు కదా, నీకు తెల్దా?"

టైరు రూబెన్ చేతిలోంచి జారి పక్కకి దొర్లిపోయింది. సునీల్ సెల్లుకి కొడితే అందుబాటులో లేదంది. కృష్ణ మోటారు సైకిల్ తాళం లాక్కుని, ఎందుకో కూడా చెప్పకుండా బయల్దేరాడు.

వాన తుంపర పడుతోంది. ఎదురొచ్చే ప్రతి లారీ డ్రైవరు ముఖంలోకీ చూస్తున్నాడు, ముందెక్కడో ఏదో జరిగిందన్న జాడ కనబడుతుందేమోనని. ప్రభువా అని మొదలుపెట్టిన ప్రార్థన ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. తోలుకో బాబూ అన్నది తనే. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా మోటారు సైకిల్ వేగం ఇంకాస్త పెంచాడు.

నందిగాం దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు కనబడింది. ప్రమాదమేమీ కాదు. జోగమ్మ అనే ముసలమ్మ కొబ్బరికాయల బస్తాతో చెయ్యెత్తిందట, బండి ఆపారు. బస్తా డిక్కీలో ఎక్కించి, ముసలమ్మకి చోటు చేయడానికి పిల్లల్ని ఒళ్లోకి సర్దుతున్నారు.

రూబెన్ ఎవరినీ పలకరించలేదు. ఆదివారం తెల్లచొక్కాతోనే బురదలో బోర్లా పడుకుని రెండో చక్రం లోపలికి చెయ్యి పెట్టాడు. తీగ అరచేతిలో గుచ్చుకుంది.

"దిగండి! అందరూ దిగండి, బేగి!"

పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. షారోన్ ముందు దిగి, "నాన్నా, రగతం!" అని తండ్రి చెయ్యి పట్టుకుంది. రూబెన్ టైరు చూపించాడు. టెక్కలి దాకా వచ్చేది కాదు, ఏ వంపులోనో పేలిపోయేది అన్నాడు.

ఇందుమతి గారు చీర చెంగుతో ముఖం తుడుచుకుంటూ టైరు వంకా అతని వంకా చూశారు. ఆవిడ గొంతులో కోపం లేదు.

"ఈడి తోలుడుకి బయపడి నాను ఈ బండి ఎక్కడమే మానేసినాను రూబెన్. నువ్వు సేసినావని తెలిసినాకే ఎక్కినాను. రూబెన్ సెయ్యి పడ్డ బండి, బయం నేదని అందరికీ నానే సెప్పినాను. బస్టాండు కాడ నీ కూతుర్ని పిలిసి కూకోబెట్టింది కూడా నానే."

రూబెన్ రోడ్డు పక్కనే చతికిలబడ్డాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు.

"నాను సునీల్ బాబు ఒక్కడే కూకున్నట్టు సర్దినానమ్మా," అన్నాడు. "ఇంతమంది ఎక్కితే బండి దిగబడతాది. సెక్రాలు ఇంకా లోపలికి ఒరిగి ఒక్క అంచు మీదే నడుత్తాయి. ఒక్కడే ఎల్తాడనుకున్నాను."

ఇందుమతి గారికి ఇది నిజంగానే అంతుపట్టలేదు.

"ఒక్కడేటి, రూబెన్? మన ఊళ్లల్లో ఒక్కడు కూకుని ఎల్లిన కారు నువ్వెప్పుడైనా సూసినావా?"

రూబెన్ గుర్తు చేసుకోవాలని చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కటి కూడా చూడలేదు.