గేటు దాకా షికారు

ఆ రోజుల్లో మా దగ్గర లేనివి చాలా ఉండేవి గానీ, వాటిలో మొట్టమొదటిది భయం. పామర్‌స్టన్ నార్త్‌లో చదువుకుంటూ, హీటరుకి బదులు దుప్పట్లు కప్పుకుని బతికే కాలం. ఫ్లాట్‌లో నాతోపాటు ఒక తెనాలి కుర్రాడు ఉండేవాడు. కనిపించిన ప్రతివాణ్ణీ "బావా" అనేవాడు కాబట్టి లోకమంతా వాణ్ణీ బావా అనే పిలిచేది. మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా ఉంది. చదివినన్నాళ్లూ ఇంజన్ బొమ్మలు గీశాడు గానీ ఇంజన్‌ని చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. నేనైతే బొమ్మ కూడా గీయలేదు. ఈ అర్హతలతో మేమిద్దరం ఒక పాత కారుకి ఇంజన్ మార్చడానికి పూనుకున్నాం.

పక్కింట్లో డెబ్బై దాటిన కివీ ఆవిడ ఒంటరిగా ఉండేది. పేరు పెట్టి పిలవమంది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలిస్తే కళ్లు పోతాయని ఆంటీ అన్నాం (అప్పటికే పోయిన ఆవిడ భర్త, మేమెన్నడూ చూడకపోయినా, ఆ లెక్కన అంకుల్ అయిపోయారు). ఒక శనివారం ఆవిడ లాన్ కోద్దామని గరాజ్ తలుపు ఎత్తితే, దుమ్ము కప్పుకుని మామిడిపండు రంగు కారు కనిపించింది. రెండే తలుపులు, పొడవాటి ముక్కు, దున్నపోతు భుజాల్లా ఉబ్బిన వెనకభాగం. పక్కనే పాత దుప్పటి కింద ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్. కారులో ఉన్నది ఆరు సిలిండర్లది. అది తీసి ఇది పెట్టాలని అంకుల్ ఏళ్ల తరబడి ఒక్కో సామానూ కూడబెట్టుకుని, తీరా బిగించే వేళకి వెళ్లిపోయారట.

"వేసవి రాగానే ఇల్లు అమ్మేసి నెల్సన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నాను. ఈలోగా ఆ ఇంజన్ చప్పుడు ఒక్కసారి వినాలని ఉంది," అంది ఆంటీ.

ఎవరైనా మెకానిక్‌ని పిలవమని నేను చెప్పబోయేలోపే బావ చొక్కా చేతులు పైకి మడిచేశాడు. "మేమున్నాం కదాంటీ!"

ఆ చలికాలం మా సెలవురోజులన్నీ ఆ గరాజ్‌లోనే గడిచాయి. ఫోన్‌లో వీడియో చూడటం, ఆపడం, బోల్టు విప్పడం, మళ్లీ చూడటం. అద్దెకు తెచ్చిన చిన్న క్రేన్‌తో పాత ఇంజన్ లేపితే కారు ముక్కు హాయిగా పైకి లేచింది. కొత్తది దించేసరికి నీళ్లు తాగే ఎద్దులా ముందుకి వంగిపోయింది (గట్టి స్ప్రింగులు వేయాలని వీడియోలో మేం దాటేసిన ముక్కలో చెప్పారు). ఆంటీ టీ తెచ్చినప్పుడల్లా "ఆయిల్ చిక్ చేశారా?" అనేది. బావకి అది మన 'చిక్కన'లా వినబడి, "చాలా థిక్‌గా ఉందాంటీ," అని భరోసా ఇచ్చేవాడు. ఇక్కడివాళ్ల నోట 'చెక్' కాస్తా 'చిక్' అవుతుందని మాకు తెలిసేసరికి చలికాలం వెళ్లిపోయింది. చివరికి అన్నీ బిగించి బానెట్ దించితే, కొత్త ఇంజన్ ఎత్తుకి అది మూతపడలేదు. కుక్కర్ మూతలా నొక్కి చూశాం. బావ ఎక్కి కూర్చుని చూశాడు. లాభం లేక ఊడదీసి గోడకి ఆనించాం.

స్టార్ట్ చేసేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలన్నాడు బావ. ఎందుకని అడిగింది ఆంటీ. దిష్టిని ఇంగ్లీషులో చెప్పలేక "టైర్లకి మంచిది," అన్నాను. ఆవిడ పెరట్లో చెట్టునుంచి బుట్టెడు కోసుకొచ్చి, "సరిపోతాయా?" అంది. బావ తాళం తిప్పాడు. దగ్గింది. మళ్లీ తిప్పాడు. మూలిగింది. ఇంకోసారి తిప్పేసరికి గరాజ్ రేకులు అదిరిపోయేలా గర్జించింది. ఆ శబ్దం చెవులకంటే ముందు కడుపుకి వినబడింది. బావ స్టీరింగ్ మీద తలపెట్టుకుని ఏడ్చేశాడు.

తీరా చూస్తే ఆంటీ లేదు. చప్పుడుకి బెదిరిపోయిందేమోనని ఇంజన్ ఆపబోతుంటే తిరిగొచ్చింది. తలకి పూల స్కార్ఫ్, పెదాలకి రంగు, భుజాన హ్యాండ్‌బ్యాగ్, చేతిలో ఫ్లాస్కు. వచ్చి తిన్నగా ముందుసీట్లో కూర్చుంది.

"పదండి."

"ఇంజన్ మార్చినందుకు సర్టిఫికెట్ రావాలాంటీ. అప్పటిదాకా రోడ్డెక్కకూడదు," అన్నాను.

"రోడ్డు ఎవరడిగారు? నా డ్రైవ్‌వే ఇంత పొడుగుంది కదా!"

నడిచే మనిషికంటే మెల్లగా బయల్దేరాం. నేను వెనకసీట్లో నిమ్మకాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆంటీ కిటికీ దించి, మోచేయి బయటపెట్టి, తన గులాబీ మొక్కల్నే కొత్త ఊరు చూసినట్టు చూసింది. గేటు దగ్గర కారు గట్టిగా కుదిపి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది (లాన్ మిషన్ డబ్బాలో ఉన్నదే పోశాం, ఆ ఇంజన్‌కి అది ఉగ్గుపాలు). ఆవిడ దిగలేదు. ఫ్లాస్కు మూత తీసి ముగ్గురికీ టీ పోసింది.

"ఫాక్స్‌టన్ బీచ్‌కి తీసుకెళ్తాననేవాడు మీ అంకుల్," అంది. "భోజనానికి పిలిస్తే గరాజ్‌లోంచి వచ్చేవాడు కాదు. ఈ ఇనుముని చూస్తే ఒళ్లు మండేది నాకు. ఇంత బావుంటుందని ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

 రోడ్డు మీద వెళ్లేవాళ్లు చేతులూపారు. ఆవిడ మహారాణిలా తిరిగి ఊపింది. టీ అయ్యాక మేమిద్దరం కారుని వెనక్కి తోస్తుంటే, స్టీరింగ్ ముందుకి జరిగి కూర్చుని, "ఇంకాస్త స్పీడు!" అని అరిచింది.

ఆ వేసవిలోనే ఆవిడ నెల్సన్ వెళ్లిపోయింది. కారుని ఎవరో కొనుక్కుని ట్రైలర్ మీద ఎక్కించుకుపోయారు. అది వీధి మలుపు తిరిగేదాకా నేనూ బావా చేతులు కట్టుకుని నిలబడ్డాం. తర్వాత బావ పెర్త్‌లో సెటిల్ అయ్యాడు. నేను ఆక్లండ్ చేరి, బోటనీ డౌన్స్‌లో ఇల్లూ, కిక్కురుమనని కరెంటు కారూ అమర్చుకున్నాను. మొన్న కొత్తిమీర కోసం వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఒక పాత కారొచ్చి పక్కన ఆగింది. కిటికీ దించాను. "నాన్నా, ఇట్స్ సో లౌడ్!" అంటూ మా అమ్మాయి చెవులు మూసుకుంది. దానిచేతే బావకి ఫోన్ చేయించి, హలో అనకుండా ఫోన్‌ని కిటికీ వైపు పట్టుకోమన్నాను. 

"ఎనిమిది సిలిండర్లే బావా," అన్నాడు బావ. "ఉందా, వెళ్లిపోయిందా?"

"పచ్చలైటు పడింది. వెళ్తోంది."

"పోనీలే. మలుపు తిరిగేదాకా చూడు."

చూశాను. వెనకాల హారన్లు మోగుతున్నాయి. పక్క అద్దంలో, నా చొక్కాయే తొడుక్కున్న, జుట్టు పలచబడిన ఒక పెద్దమనిషి కిటికీలోంచి మెడ బయటికి చాపి, వెళ్లిపోయిన కారు పొగని ఇంకా పీలుస్తున్నాడు. పాపం అనిపించింది. కాస్త ముద్దుగానూ అనిపించాడు.