సీసాలో వచ్చిన సముద్రం

మా చిన్నప్పుడు... దసరా అయిపోయి చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగే లోపల, చెరకు రైతుల ఇండ్లల్లో కొద్దిరోజులు తీరిక దొరికేది. సైరన్ మోగిందంటే ఇక చెరకు కొట్టుడే, బండ్లు కట్టుడే. మాది బోధన్ పక్కన ఊరు. ఆ ఏడు ఆ తీరికలో అందరం బొంబాయి పోయి సముద్రం చూద్దామని బాపు మాటిచ్చాడు.

అన్నకు పదిహేనేండ్లు, సుశీలక్కకు పద్నాలుగు, నాకు పన్నెండు. అన్న వాకిట్లో సుద్దముక్కతో రైలు దారి గీశాడు... నిజామాబాద్, మన్మాడ్, బొంబాయి. అక్క పక్కనే కూర్చుని ఎవరి పని ఏమిటో చెప్పింది.

"మన్మాడ్ల బండి మారేటప్పుడు చెల్లె చెయ్యి నేను పట్టుకుంట. నువ్వు మూటలు పట్టు అన్నా. దిక్కులు సూసుకుంట నిలబడితే బండి పోతది మల్ల!"

నాలుగు రోజులు కూర్చుని అక్కా నేనూ దారిలో తినడానికి డబ్బా నిండా తియ్యటి గరిజెలు చేశాం. నీళ్లలో తడిస్తే మార్చుకోవడానికి పాత లంగాలు వేరే మూట కట్టింది అక్క.

బయలుదేరే ముందు రోజు పెద్దబాపు వచ్చాడు... మా బాపుకు అన్న. ఆయన మాట లేకుండా మా ఇంట్లో చెంబు కూడా కదిలేది కాదు. మా మూట చూశాడు.

"పెద్దమనిషైన పిల్లతోని సముద్రంల తానం చేపిస్తవారా? పదిమంది సూస్తుంటే? పెండ్లయినంక మొగోడు సూపిస్తడు తియ్."

బాపు తలూపాడు. మా అమ్మ మూట విప్పి లంగాలు మళ్లీ దండెం మీద వేసింది.

మరునాడు బాపు, అన్న, పెద్దబాపు రైలెక్కారు; అక్కతో పాటు నేనూ అమ్మా ఇంట్లోనే ఉండిపోయాం. అవును... వద్దన్న పెద్దబాపే మా జాగాలో కూర్చుని పోయాడు! మా గరిజెల డబ్బా కూడా వాళ్లతోనే పోయింది. ఇన్నేండ్ల తర్వాత ఇది రాస్తుంటే కూడా కోపం ఆగడం లేదు.

వారానికి తిరిగొచ్చారు. బాపు అక్క చేతిలో ఒక సీసా పెట్టాడు.

"గిదే బిడ్డా సముద్రం. మీ కోసమే పట్టుకొచ్చిన."

అక్క సీసా తీసుకుని వంటింట్లోకి పోయింది. మధ్యాహ్నం పప్పులో ఉప్పు వేయకుండా, ఆ సీసా మొత్తం ఒంపేసింది. పెద్దబాపు మొదటి ముద్దే ఉమ్మేశాడు.

"ఏమేసినవే పప్పుల?"

"సముద్రం, పెద్దబాపూ. మమ్ముల రావద్దంటిరి... అదే మనింటికొచ్చింది. తినుండ్రి."

బాపు చెయ్యి అక్క చెంప మీద పడింది. సముద్రం పోదామని మాటిచ్చిన బాపు చెయ్యే! అక్క ఏడవలేదు. నేను ఏడ్చాను. నాకు బిడ్డ పుడితే ఇట్లా చేయనని ఆ రోజే అనుకున్నాను.

చేశాను.

మా సుమ తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా సెలవుల్లో బడి వాళ్లు విశాఖ తీసుకుపోతామన్నారు. పేరు ఇస్తానని ఉరుక్కుంటూ వచ్చింది. నేను ఐదు వరకే చదివినదాన్ని, అంత దూరం అంటే భయం. భయమని చెప్పినా బాగుండేది... "పెండ్లయినంక పోదువు తియ్" అన్నాను. పెద్దబాపు మాట, నా నోట్లో నుంచి!

"నువ్వు పోయినవా అమ్మా, పెండ్లయినంక?" అని అడిగింది నా బిడ్డ.

నేను పోలేదు. దాన్నీ పంపలేదు. ఆ చలికాలమే జ్వరం వచ్చి ఎనిమిది రోజుల్లో పోయింది సుమ. పద్నాలుగేండ్లు... పప్పులో సముద్రం పోసిన నాటి మా అక్క వయసే.

బాపు లేడు, పెద్దబాపు లేడు. వాళ్ల మీద కోపం మాత్రం ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

ఇప్పుడు దసరా సెలవులు వస్తే మా వీధిలో ఆడపిల్లలే ఫోన్లో చూసి, ఏ సముద్రానికి పోదామో ఇంట్లో వాళ్లకు చెప్తున్నారు. చూస్తే కడుపు నిండుతుంది... వెంటనే మండుతుంది కూడా.

మీ ఇంట్లో ఎవరిని ఎక్కడికి పోవద్దన్నారు? వద్దన్నది ఎవరు? దాచకుండా రాయండి. నేను ముందు నా పేరే రాస్తున్నాను.