పందిదొడ్డికి కట్టిన చైను

కొలంబియా దేశపు బొయాకా కొండల్లోని మా ఊళ్ళో ఎతెల్వీనాను ఎరగని వాకిలి లేదు. అరవై దాటినా ఆమె పాతకాలపు రేసు సైకిలుకు బుట్ట కట్టుకుని ఇంటింటికీ జున్నురొట్టెలు చేరవేస్తుంది. జూలైలో, బళ్ళు నడిపేవాళ్ళను కాచే కార్మెన్ మాత పండుగకు బళ్ళన్నీ పూలు కట్టుకుని చర్చికి దీవెనలకు వెళతాయి. సైకిళ్ళ వరుసకు ముందుండేది ఎతెల్వీనాయే; మాత బొమ్మ ఆమె హ్యాండిలు మీదే ఉంటుంది. వంతెన నుంచి చర్చి దాకా ఉన్న నిట్టనిలువు ఎత్తును కాలు కింద పెట్టకుండా ఎక్కాలి. కాలు పెట్టిందంటే ఆ బొమ్మ వెనకున్న ఎర్మెన్సియాకు దక్కుతుంది. ఎర్మెన్సియా ఎతెల్వీనా కూతురికి జ్ఞానతల్లి, ఆ లెక్కన ఇద్దరిదీ వదినల వరస.

ఈసారి పండుగ ఉదయం భర్త ఎయుదోరో ఆమెకు చెప్పకుండా సైకిలుకు కొత్త చైను వేశాడు. మా ఊరి మగవాళ్ళ పద్ధతి అదే: ఫాదరు తీర్థజలం చల్లే వేళకు పైకి మెరిసేదాన్ని మాత్రం మారుస్తారు, తక్కినది మాతకు వదిలేస్తారు. ఎతెల్వీనా మురిసిపోయి సందు చివరి ఎత్తు మీద తొక్కి చూసింది. బలంగా తొక్కినప్పుడల్లా చైను టక్కుమని ఎగిరిపడింది. వెనక పళ్ళచక్రాలు పాత చైనుతో పాటే అరిగి రంపంలా తయారయ్యాయి. కొత్తది వాటిలో కుదురుకోవడం లేదు. ఆ పళ్ళచక్రాలను కూడా మార్చాలి, కానీ ఊరి మెకానిక్కు అప్పటికే బ్యాండులో బాకా ఊదుతున్నాడు.

పాతది ఏదని అడిగితే ఎయుదోరో టోపీ సర్దుకున్నాడు. "పందిదొడ్డి తలుపుకు కట్టాను. గట్టిగా ఉంది కదా అని."

"గట్టిది పందికీ, మెరిసేది నాకూనా? కలిసి అరిగినవాటిని విడదీస్తే ఇంతేనయ్యా. నీకు కొత్త పెళ్ళాన్ని తెచ్చినా నువ్విలాగే ఎగిరిపడతావు."

దొడ్డి తలుపు నుంచి పాత చైను ఊడదీసి, కుట్టుమిషను నూనెతో తుడిచి, ఆమే బిగించుకుంది; ఊడిన కొత్తదాన్ని ఎయుదోరో జేబులో వేసుకున్నాడు. ఆ హడావుడిలో తలుపు సంగతి ఇద్దరూ మరిచిపోయారు. పంది మరిచిపోలేదు.

ఊరేగింపు సగం ఎత్తు ఎక్కేసరికి బాకాలు, టపాసుల మధ్య నుంచి అది బుట్టలోని జున్నురొట్టెల వాసన పట్టుకుని ఎతెల్వీనా వెనక చక్రం దాకా వచ్చేసింది.

"వదినా, మీ చుట్టం వస్తోంది. దిగి పలకరించు," అంది వెనక నుంచి ఎర్మెన్సియా.

"నాకు తీరిక లేదు, నువ్వే పలకరించు."

అన్నదే కానీ, నవ్వుకు ఎతెల్వీనా కాళ్ళలో సత్తువ జారిపోయింది. సైకిలు ఇంచుమించు ఆగింది. కుడికాలు పెడల్ వదిలి గాలిలో ఊగింది. ఒంటిచేత్తో బుట్టలోంచి ఒక రొట్టె తీసి వెనక్కి విసిరి, కాలు మళ్ళీ పెడల్ మీద మోపి, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. చైను ఎగరలేదు. అరిగిన పళ్ళు అరిగిన లంకెలను పట్టుకునే ఉన్నాయి.

రొట్టె ఎర్మెన్సియా చక్రం ముందు పడింది, పంది కూడా అక్కడే ఆగింది. ఎర్మెన్సియా రెండు కాళ్ళూ నేల మీద పెట్టింది.

చర్చి మెట్ల దగ్గర ఎతెల్వీనా గోడ పట్టుకుని, దిగడం చేతకానంతగా నవ్వుతూ ఉండిపోయింది. తీర్థజలం పడ్డాకే కాలు నేల మీద మోపింది. ఈలోగా ఎయుదోరో జేబులోంచి కొత్త చైను తీసి పంది మెడకు కట్టి దాన్ని కూడా వరుసలోకి తెచ్చాడు. ఫాదరు ఒక క్షణం ఆలోచించి, దాని మీద కూడా చల్లారు. చైను తళతళా మెరిసింది.